నలభై ఏనుగులు, నాలుగు ప్రతులు

మాయాబందర్‌కు పడమటి వైపు సముద్రంలో ఇంటర్వ్యూ దీవి ఉంది. ఉత్తర అండమాన్‌లో కలప కొట్టించిన కలకత్తా వ్యాపార సంస్థ పి.సి. రే కంపెనీ 1962లో దెబ్బతిని చేతులెత్తేసినప్పుడు, దుంగలు లాగే ఏనుగుల్లో నలభై దాకా ఆ దీవిలో వదిలేసి పోయింది. ఏనుగు అండమాన్ అడవికి పుట్టు జంతువు కాదు. నలభై తలలతో మొదలైన జనాభా, చుట్టూ ఉప్పునీరు: జనాభా జన్యుశాస్త్రం వందేళ్లుగా కాగితం మీద వేస్తున్న లెక్కకు ఇంత దగ్గరగా వచ్చే ఉదాహరణ మన దేశంలో నాకు మరొకటి తెలియదు.

కింద మాట్లాడుకునే ఇద్దరూ కల్పిత పాత్రలు. వాళ్ల నోట వచ్చే శాస్త్రవేత్తల పేర్లు, సంవత్సరాలు నిజమైనవి. మావయ్య సిక్కోలు వైపు నుంచి చిన్నప్పుడే మాయాబందర్‌కొచ్చి, అటవీశాఖలో ఏనుగుల దగ్గర పనిచేసి రిటైరైనవాడు. మేనకోడలు డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతుంది. మనవరాలిని తన చిన్నకొడుక్కే ఇచ్చి చేద్దామని మావయ్య అనుకుంటున్నట్టు విని ఆమె వచ్చింది. ఆ మాట ఎత్తేలోపు ఇద్దరూ ఏనుగుల దగ్గర చాలాసేపు ఆగారు.

మావయ్య: ఏటమ్మా, ఏనుగు మొహం చూడకుండానే వాటి మీద లెక్కలు కడతావంట?

మేనకోడలు: చూసినవాడివి నువ్వున్నావు కదా మావయ్యా. నువ్వు చెప్పు, నేను కడతాను. కంపెనీ నలభై వదిలిందనుకుందాం. దాదాపు ఏ జన్యువు తీసుకున్నా ప్రతి ఏనుగులో రెండు ప్రతులుంటాయి, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. అంటే దీవిలో దిగినవి ఎనభై ప్రతులు. వాటిని పట్టుకొచ్చిన పెద్ద అడవుల్లో నూటికి ఒక ప్రతి ఏదో అరుదైన రకం అనుకో. ఆ రకం ఒక్కటి కూడా ఇక్కడికి చేరకపోయే అవకాశం ఎంత? ఒక ప్రతి ఆ రకం కాకపోవడానికి నూటికి 99 పాళ్లు. ఎనభై ప్రతులూ కాకపోవాలంటే 0.99ని ఎనభై సార్లు గుణించాలి. దగ్గర దగ్గర 0.45 వస్తుంది. అలాంటి అరుదైన రకాలు వంద ఉంటే, పడవ దిగిన రోజునే నలభై అయిదు పోయాయన్నమాట. వాటిలో మంచివీ పోతాయి, చెడ్డవీ పోతాయి. దీన్ని స్థాపక ప్రభావం అంటారు.

మావయ్య: కంపెనీవాడు చీటీలు తీసి వదిలాడా వాటిని? దేన్ని అమ్ముకోవాలో, దేన్ని వదలాలో వాడి లాభం చూసుకునే చేసుంటాడు. పైగా అందులో తల్లీపిల్లలుంటే నీ ఎనభై ప్రతులెక్కడివి? ఒకే ప్రతిని రెండుసార్లు లెక్కేసినట్టు కాదూ?

మేనకోడలు: అవును. తల్లీపిల్లలుంటే వేరువేరు ప్రతులు ఎనభై కన్నా తక్కువ, పోయినవి నలభై అయిదు కన్నా ఎక్కువ. నా లెక్క ఏ వైపు తప్పుతుందో నువ్వే పట్టుకున్నావు. ఊహను పైకి రాసిపెట్టాను కాబట్టే పట్టుకోగలిగావు.

మావయ్య: ఇంకోటి విను. నలభై అని రాసుకున్నావు గానీ, నలభయ్యీ పిల్లల్ని కనవు. మదమెక్కిన మగ ఏనుగుని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశావా? కంటికీ చెవికీ మధ్య కణత ఉబ్బి, నల్లగా కారి దవడ దాకా చారలు కడుతుంది. మూత్రం ఆగకుండా బొట్లు బొట్లుగా పడుతూనే ఉంటుంది. ఆ వాసన గాలిలో తగిలితే చాలు, వయసులో చిన్న మగవి దారి మార్చుకుపోతాయి. ఆడవాటి దగ్గరికి చేరేది నాలుగో అయిదో.

మేనకోడలు: సరిగ్గా దానికే అమెరికాలో సీవాల్ రైట్ 1931లో ఒక సూత్రం రాశాడు. సంతానం కనే మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగుతో హెచ్చించి, రెండింటి మొత్తంతో భాగించమన్నాడు. అయిదు మగవి, పదిహేను ఆడవి అనుకుందాం. అయిదు పదిహేన్లు డెబ్బై అయిదు, నాలుగుతో మూడొందలు, ఇరవైతో భాగిస్తే పదిహేను. కంటికి కనిపించేవి నలభై, జన్యువుల లెక్కలో పదిహేను. దీన్ని ప్రభావ జనాభా అంటారు. ఉన్న వైవిధ్యంలో తరానికి ముప్పయ్యో వంతు, అంటే పదిహేనుకి రెట్టింపులో ఒక వంతు, కేవలం యాదృచ్ఛికంగా ఆవిరవుతుంది.

మావయ్య: అయితే ఈ అరవై ఏళ్లలో ఆ మంద చెడిపోయిందంటావా?

మేనకోడలు: అననే అనను. ఏనుగు తరం అంటే ఇరవై ఏళ్లకు తక్కువ కాదు. 1962 నుంచి ఇప్పటికి మూడు తరాలు గడిచాయనుకో. ముప్పయ్యో వంతు చొప్పున మూడుసార్లు పోతే, నూటికి తొంభై పాళ్లు ఇంకా మిగిలే ఉంటాయి. అదే ఈగల్లాంటివైతే ఈ అరవై ఏళ్లలో ఏమీ మిగిలేది కాదు.

మావయ్య: ఏనుగు ఈదుతుంది, అది మరిచిపోకు. ఈ దీవుల్లో దుంగలు లాగిన ఏనుగులకు కాలువలు, కడలి పాయలు దాటడం అలవాటే.

మేనకోడలు: మరిచిపోలేదు. రైట్ వేసిన నమూనా పేరే దీవుల నమూనా. అందులోంచి వచ్చిన ఫలితం చూసి నేను మొదటిసారి ఆశ్చర్యపోయాను. బయటి నుంచి తరానికి ఒక్క జీవి వచ్చి సంతానం కంటే చాలు, రెండు జనాభాలు పూర్తిగా వేరుపడిపోవు. దీవిలో యాభై ఉన్నా అయిదు వేలున్నా ఆ ఒక్కటి చాలు. పెద్ద మందలో యాదృచ్ఛిక మార్పు మెల్లగా జరుగుతుంది, చిన్న మందలో వేగంగా జరుగుతుంది. చిన్న మందలో వచ్చిన ఒక్కటీ పెద్ద భాగం, పెద్ద మందలో అది చిన్న భాగం. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. మాటలతో ఎంత ఆలోచించినా ఈ సంగతి తట్టదు, లెక్క కడితేనే తెలుస్తుంది.

మావయ్య: నీ పుస్తకం నేనూ తిరగేశాను తల్లీ. మొదట్లోనే ఏటి రాశాడు? జనాభా అనంతం, జతలు కుదరడం యాదృచ్ఛికం, వలస లేదు, ఎంపిక లేదు, జన్యువులో కొత్త మార్పు లేదు. ఈ మాయాబందర్‌లో వాటిలో ఒక్కటైనా నిజమా? వేబీ కరెన్లు 1925లో బర్మా నుంచి వచ్చినోళ్లు. బెంగాలీలు, రాంచీవాళ్లు, తమిళులు, మనం, అందరం ఓడ దిగినవాళ్లమే. ఎవరి పెళ్లిళ్లు వాళ్లలోనే. ఇన్ని అబద్ధాల మీద కట్టిన లెక్క నిజం ఎలా చెబుతుంది?

మేనకోడలు: ఆ పేజీ ఎందుకు పుట్టిందో చెప్తాను. వేళ్లు పొట్టిగా పుట్టే లక్షణం ఒకటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వచ్చినా బయటపడుతుంది. అలాంటి బలమైన లక్షణం రానురాను జనాభాలో నాలుగింట మూడొంతుల మందికి పాకిపోవాలి కదా, ఎందుకు పాకలేదు అని 1908లో ఇంగ్లండులో ప్రశ్న లేచింది. జన్యుశాస్త్రవేత్త పన్నెట్ దాన్ని తన స్నేహితుడు హార్డీ దగ్గరికి తీసుకెళ్లాడు. రామానుజాన్ని కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీయే. ఆయన చిన్న లెక్కతో తేల్చేశాడు. బయటి ఒత్తిడి ఏదీ లేకపోతే జన్యువుల నిష్పత్తి మారదు, బలమైన లక్షణం దానంతటది పాకదు. అదే ఏడాది జర్మనీలో వైన్‌బర్గ్ అనే డాక్టరు విడిగా అదే కనిపెట్టాడు. ఊరికే ఉంటే ఏమీ మారదు అని తెలిస్తేనే, ఎక్కడైనా మారినప్పుడు కారణం వెతకాలని తెలుస్తుంది. నువ్వు చదివిన ఆ జాబితా అంతా అలా వెతకాల్సిన కారణాల జాబితా.

మావయ్య: మాటకారివే. మరి మనిషికి పనికొచ్చేదేటి అందులో?

మేనకోడలు: ఇది చూడు. రెండు ప్రతులూ చెడిపోతేనే బయటపడే జబ్బు ఒకటుంది. చెడ్డ ప్రతి నూటికి ఒకటి. ఒకే బిడ్డలో రెండూ కలిసే అవకాశం పదివేలకు ఒకటి. ఒక్క ప్రతి మోస్తూ ఏ ఇబ్బందీ లేకుండా తిరిగేవాళ్లు ఎంతమంది? పదివేలకు 198. ఆస్పత్రిలో కనపడేది ఒక్కరు, వీధిలో కనపడకుండా తిరిగేది నూట తొంభై ఎనిమిది మంది. డాక్టరు ఎంత అనుభవజ్ఞుడైనా కంటితో చూసి ఈ రెండో అంకె చెప్పలేడు.

మావయ్య: నువ్వు మనిషిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక అంకె తగిలిస్తున్నావు. ఏనుగు అలా ఉండదు, మనిషీ అలా ఉండడు. అంతా కలిసి ఒక జీవి.

మేనకోడలు: ఎర్న్‌స్ట్ మేయర్ అనే పెద్ద జీవశాస్త్రవేత్త 1959లో ఇదే అన్నాడు. గణితజ్ఞులు జనాభాని చిక్కుడు గింజల సంచిలా చూస్తున్నారు, నాలుగు గింజలు వేస్తారు, నాలుగు తీస్తారు, దాన్నే పరిణామం అంటారు అని. దానికి హాల్డేన్ జవాబు రాశాడు, 1964లో, మన సిక్కోలు పక్కనే భువనేశ్వర్‌లో ఉంటూ.

మావయ్య: ఆయనేటి చేస్తున్నాడు అక్కడ?

మేనకోడలు: 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా గణాంక సంస్థకు వచ్చేశాడు, ఆ తర్వాత భువనేశ్వర్ వెళ్లాడు. రైట్, ఫిషర్, హాల్డేన్ ముగ్గురే ఈ శాస్త్రానికి పునాది వేశారు. 1964 డిసెంబరు 1న ఆయన అక్కడే పోయాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. గింజల సంచిని సమర్థిస్తూ ఆయన రాసిన వ్యాసంలో నాకు పట్టిన సారం ఇది: మాటలతో వాదించేవాడికీ ఊహలుంటాయి, అవి వాడికే కనపడవు. లెక్క రాసేవాడి ఊహలు ఎదుటివాడికి కూడా కనపడతాయి. ఇందాక తల్లీపిల్లల సంగతి నువ్వు పట్టుకోలేదూ?

మావయ్య: ఏనుగుల దాకా సరే. ఈ దీవుల మనుషుల మీద వేసినప్పుడే నాకు కోపం. ఓంగీ తెగవాళ్ల రక్తం తీసి, వీళ్లు అరవై వేల ఏళ్ల నాటి మనుషులని పేపర్లో వేశారు. వాళ్లేమైనా శిలాజాలా? వాళ్లకి గడిచిన కాలమే మనకీ గడిచింది.

మేనకోడలు: హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో తంగరాజ్, లాల్జీ సింగ్ బృందం 2005లో చేసిన పని గురించే కదా నువ్వనేది. ఓంగీల్లో, గ్రేట్ అండమానీల్లో తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ చదివి, ఎం31, ఎం32 అని రెండు శాఖలు గుర్తించారు. జన్యువులో మార్పులు చేరే వేగాన్ని గడియారంగా పెట్టుకుని, యాభై నుంచి డెబ్బై వేల ఏళ్ల కిందట వేరుపడ్డారని అంచనా కట్టారు. తర్వాత ఎం31కి దగ్గరి శాఖలు ప్రధాన భూభాగంలోనూ దొరికాయి, దాంతో ఎప్పుడు వచ్చారన్నది మళ్లీ వాదనలో పడింది. కానీ శిలాజం అన్నది లెక్క కాదు మావయ్యా. లెక్కలో రెండు కొమ్మలకీ కాలం సమానం. వాళ్ల కొమ్మ మీద ఎన్నేళ్లు మార్పులు చేరాయో మన కొమ్మ మీదా అన్నేళ్లే. ఆదిమానవులు అని పేరు పెట్టింది మనం.

మావయ్య: ఇంకో అంకె చెప్తాను. 1858లో ఇంగ్లీషువాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు వేలల్లో ఉండేవాళ్లు. 1961 జనాభా లెక్కల్లో పందొమ్మిది మంది. తుపాకులు, సవాయి రోగం, 1877లో తట్టు. నీ సూత్రంలో దానికేముంది? జనాభాకి ఒక అక్షరం. ఆ అక్షరం వేల నుంచి పందొమ్మిదికి ఎందుకు పడిందో అది చెప్పదు.

మేనకోడలు: చెప్పదు. పడ్డాక జన్యువులకు ఏమవుతుందో మాత్రం చెబుతుంది.

(ఇక్కడ నేను పూర్తిగా మావయ్య పక్షం. జనాభా సన్నబడిన చోటు అని శాస్త్ర వ్యాసాల్లో ఒక్క మాటలో దాటిపోయే ఘట్టం చాలాసార్లు ఎవరో ఎవరికో చేసిన అన్యాయం. దాన్ని పక్కనే రాయకపోతే ఆ వ్యాసం అసంపూర్ణం.)

మేనకోడలు: సరే మావయ్యా, వచ్చిన పని చెప్తాను. మనవరాల్ని చిన్నోడికే చేద్దామనుకుంటున్నావంట.

మావయ్య: అదీ, తిరిగి తిరిగి గూటికొచ్చావు. మా అమ్మానాన్నలది మేనరికమే. నాకేం తక్కువైంది? మేనమామకి అక్కకూతుర్నివ్వడం మనలో తాతముత్తాతల నాటిది. చట్టం కూడా కాదనలేదు.

మేనకోడలు: 1955 హిందూ వివాహ చట్టం కాదంది, ఆచారం ఉన్నవాళ్లకి మినహాయింపు ఇచ్చింది. చట్టం సంగతి వదిలెయ్. నీ దగ్గరే లెక్క మొదలుపెడదాం. ఒక జన్యువుకి నీలో రెండు ప్రతులు, అత్తయ్యలో రెండు. మొత్తం నాలుగు. వాటిలో ఒకటి తీసుకో. అది చిన్నోడికి చేరడానికి సగం అవకాశం, వాడి నుంచి వాడి బిడ్డకు చేరడానికి మళ్లీ సగం. అటు పావు. అదే ప్రతి వదినకి, అంటే నీ కూతురికి, చేరడానికి సగం, వదిన నుంచి మనవరాలికి సగం, మనవరాలి నుంచి ఆ బిడ్డకు సగం. ఇటు ఎనిమిదో వంతు. రెండు దారుల్లోనూ వచ్చి ఆ బిడ్డలో ఒకే ప్రతి జంటగా కలవడానికి పావులో ఎనిమిదో వంతు, ముప్పై రెండుకి ఒకటి. నాలుగు ప్రతులకీ కలిపితే ఎనిమిదికి ఒకటి. మేనత్త మేనమామ పిల్లలైతే పదహారుకి ఒకటి. ఏ జబ్బూ లేని మనుషుల్లో కూడా చెడ్డ ప్రతి ఒకటో అరో దాగి ఉంటుంది. నీలోనో అత్తయ్యలోనో అలాంటిది ఒక్కటి ఉంటే, ముప్పై రెండులో ఒకటి.

మావయ్య: ముప్పై ఒకటిలో ఏమీ కాదు కదా.

మేనకోడలు: కాదు. ఇందాకటి నూటికొకటి జబ్బుకి చూస్తే, బయటి సంబంధంలో పదివేలకు ఒకరు, మేనరికంలో ఏడుగురు, మేనమామ పెళ్లిలో పదమూడు మంది. పదివేలలో పదమూడు చిన్న అంకెలా అనిపిస్తుంది. కానీ అలాంటి జబ్బులు వందల్లో ఉన్నాయి.

మావయ్య: నాకో అనుమానం. వెయ్యేళ్లుగా మనోళ్లు ఇలాగే చేసుకుంటున్నారు. చెడ్డవి ఉంటే ఈపాటికి బయటపడి పోయుండాలి. కొత్తగా మేనరికం మొదలెట్టినోళ్లకి ప్రమాదం గానీ, మనకేటి?

మేనకోడలు: ఇది గట్టి మాట. శాస్త్రవేత్త సంఘ్వీ 1966లో ఇదే అన్నాడు. లెక్క కూడా కొంత నీ పక్షాన్నే ఉంది. అందరూ యాదృచ్ఛికంగా పెళ్లాడే జనాభాలో, పుట్టిన బిడ్డల్ని చంపేసే జబ్బు తాలూకు చెడ్డ ప్రతి, నూటికి ఒకటి నుంచి సగానికి తగ్గడానికి వంద తరాలు పడుతుంది, ఎందుకంటే అది ఆ నూట తొంభై ఎనిమిది మందిలో దాక్కుని ఉంటుంది. దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువై, ఆ ఎనిమిదో వంతు, పదహారో వంతు లాంటి అంకె జనాభా మొత్తం మీద సగటున నూటికి మూడు ఉందనుకుంటే, పంతొమ్మిది తరాల్లోనే సగమవుతుంది. వెల్లూరు వైద్య కళాశాలకు చెందిన రావు, ఇన్బరాజ్ 1970లలో తమిళనాట వేల కుటుంబాలు చూసి, గర్భాలు నిలవడంలో పెద్ద తేడా లేదన్నారు.

మావయ్య: మరింకేం? నెగ్గాను కదా.

మేనకోడలు: ఎలా తగ్గుతుందో చూడు మావయ్యా. రెండు చెడ్డ ప్రతులున్న బిడ్డ పుట్టి, పెరగకుండా పోతేనే ఆ రెండు ప్రతులూ పోతాయి. వేరే దారి లేదు. నువ్వు బయటపడి పోయుండాలి అంటున్నావే, ఆ ప్రతి పోవడం ఒక్కోటీ ఒక ఇంట్లో పసిబిడ్డ చావు. పైగా ప్రతి తరంలో కొత్త మార్పులు పుడుతూనే ఉంటాయి, తుడిచిపెట్టడం ఎన్నటికీ పూర్తికాదు. వెయ్యేళ్ల నుంచి మనవాళ్లు ఏ బిడ్డ పోయినా దిష్టి తగిలిందని అనుకున్నారే గానీ ఎవరూ రాసిపెట్టలేదు. 1960ల మొదట్లో హాల్డేన్ ప్రోత్సాహంతో పిఠాపురం మనిషి ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో ఈ పెళ్లిళ్ల లెక్క తీశాక గానీ, అంకెలంటూ మన చేతికి రాలేదు.

మావయ్య: (కొంచెం ఆగి) అయితే మేనరికం మానేసినోళ్లు క్షేమమా?

మేనకోడలు: పూర్తిగా కాదు. ఆర్యవైశ్యుల్నే చూడు. దగ్గరి చుట్టాలు కాకున్నా, కులంలోనే పెళ్లాడితే ఒకే పాత ప్రతి రెండు వైపుల నుంచీ రావచ్చు. ఆపరేషన్‌లో కండరాల సడలింపుకిచ్చే కొన్ని మందులు వాళ్లలో కొందరికి త్వరగా విడవవు, ఊపిరి చాలాసేపు మిషను మీదే ఆడించాలి. ఆ మందుని విరగ్గొట్టే ఎంజైము లోపం అది. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ కలిసి చేసిన అధ్యయనం వెనక్కి లెక్క కట్టి, ఆ సమాజం వంద తరాలకు ముందెప్పుడో కొద్దిమందితో మొదలై, బయటివాళ్లు దాదాపు కలవకుండా సాగిందని చూపింది. ఇంటర్వ్యూ దీవి ఏనుగులకి వేసిన లెక్కే అది. అక్కడ సముద్రం చేసిన పని ఇక్కడ కులం చేసింది. అది తెలిసినందువల్ల మత్తుమందు డాక్టరు ఇవాళ ముందే అడిగి జాగ్రత్తపడగలుగుతున్నాడు.

మావయ్య: నువ్వు చెప్పే అంకెలన్నీ పదివేలమందికి. నా ఇంట్లో పెళ్లి ఒక్కటి. పుట్టే బిడ్డ పదమూడు మందిలో ఉంటుందో, మిగతా వాళ్లలో ఉంటుందో నీ లెక్క చెబుతుందా?

మేనకోడలు: చెప్పదు. అది చెప్పాలంటే రక్తపరీక్ష ఉంది, ఇద్దరిలో ఏ ప్రతులు దాగున్నాయో కొన్నింటికి చూడొచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, కుటుంబ చరిత్ర రాసుకుని సలహా చెబుతారు. అన్ని జబ్బులూ పరీక్షలో దొరకవు, అదీ ముందే చెప్తున్నాను.

మావయ్య: పరాయి ఊరికొచ్చాం. సొంత మనుషులు విడిపోకుండా ఉండాలనే కదా ఈ సంబంధం. పిల్లకి అత్తారిల్లంటే భయం ఉండదు, ఆస్తి చీలదు, ముసలాళ్లని చూసేవాళ్లుంటారు. వీటికి నీ కాగితంలో చోటుందా?

మేనకోడలు: లేదు. ఉండాలని నేననను. వాటి విలువ నువ్వు చెప్పు, ప్రమాదం ఎంతో నేను చెప్తాను. రెండూ విని తేల్చుకోవాల్సింది వాళ్లిద్దరు. మనవరాలికి ఇరవై ఏళ్లు నిండాయి, డిగ్రీ చదువుతోంది. ఇప్పటిదాకా ఆ పిల్లని ఎవరైనా అడిగారా?

మావయ్య: అడగలేదు.

మేనకోడలు: మరి?

మావయ్య: ఆదివారం ఇంటికి రా. చిన్నోడూ ఉంటాడు, పిల్లా ఉంటుంది. ఆ నాలుగు ప్రతుల లెక్క నాకు చెప్పినట్టే వాళ్లకీ కాగితం మీద వేసి చెప్పు. నా ఇష్టం మాత్రం ఈ సంబంధమే, అది నేనూ చెప్తాను. నువ్వు మధ్యలో అడ్డుతగలకూడదు.